30 కిలోమీటర్ల ఎత్తుకు బెలూన్: పెట్టె మళ్లీ చేతికి వచ్చేలా పంపడం ఎలా?

వాతావరణ బెలూన్‌కు చిన్న పెట్టె కట్టి 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంజినీరింగ్ విద్యార్థులు, హామ్ (ఔత్సాహిక) రేడియో నేర్చుకుంటున్నవారు, అమెరికాలో చదువుతున్న మన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. అడిగేవారిలో ఎక్కువమంది ముందు కెమెరా గురించే ఆలోచిస్తారు. నేను మాత్రం చివరి ఘట్టంతో మొదలుపెట్టమంటాను. హీలియం నింపి వదిలితే బెలూన్ దానంతట అదే పైకి పోతుంది. పెట్టె ఎక్కడ దిగిందో తెలుసుకుని, ఎవరికీ హాని జరగకుండా తెచ్చుకోవడంలోనే కష్టమంతా ఉంది. కింది మెట్లన్నీ ఆ ఒక్క పని కోసమే.

లెక్కలకు ఒక నమూనా పెట్టుకుందాం: 1000 గ్రాముల లేటెక్స్ బెలూన్, పారాచూట్‌తో సహా 1 కిలో బరువున్న సరంజామా, హీలియం, సెకనుకు 5 మీటర్ల చొప్పున ఆరోహణ. ఈ లెక్కన 30 కిలోమీటర్లు ఎక్కడానికి సుమారు 100 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పడుతుంది. బయలుదేరేటప్పుడు బెలూన్ వ్యాసం మనిషి ఎత్తంత ఉంటుంది. పైన గాలి ఒత్తిడి నేల మీది ఒత్తిడిలో దాదాపు నూరో వంతుకు పడిపోతుంది కాబట్టి అది ఉబ్బుతూ పోయి, ఎనిమిది మీటర్ల వ్యాసం దగ్గర పగిలిపోతుంది.

1. అన్నిటికంటే ముందు అనుమతులు

బెలూన్ కొనకముందే చేయాల్సిన పని ఇది. మన దేశంలో మనిషి లేని స్వేచ్ఛా బెలూన్‌ను వదలడం పౌర విమానయాన నిబంధనల కిందికి వస్తుంది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, విమాన రాకపోకలను నియంత్రించే వారి ఏటీసీ విభాగం, స్థానిక పోలీసులు, జిల్లా యంత్రాంగం అందరికీ విషయం తెలియాలి. దగ్గర్లో వైమానిక దళ స్థావరం ఉంటే వారి అంగీకారమూ కావాలి. హైదరాబాద్ చుట్టూ దుండిగల్, హకీంపేట, కొంచెం పడమరగా బీదర్ స్థావరాలు ఉన్నాయన్న సంగతి మరవకండి.

వ్యక్తిగతంగా దరఖాస్తు పెట్టడం కంటే కాలేజీ లేదా పరిశోధన సంస్థ లెటర్‌హెడ్ మీద, బాధ్యత తీసుకునే అధ్యాపకుడి సంతకంతో వెళ్లడం మేలు. దరఖాస్తులో ఇవి ఉండాలి:

- వదిలే చోటు అక్షాంశ, రేఖాంశాలు, తేదీ, సమయం, ప్రత్యామ్నాయ తేదీలు
- బెలూన్ పరిమాణం, వాయువు, సరంజామా బరువు, రంగు
- ఆరోహణ, అవరోహణ వేగాలు, గరిష్ఠ ఎత్తు, దిగే ప్రాంతం అంచనా పటం
- రేడియో పౌనఃపున్యం, శక్తి
- ఆ రోజు నిరంతరం అందుబాటులో ఉండే రెండు ఫోన్ నంబర్లు

అంతర్జాతీయ పౌర విమానయాన నిబంధనల్లో మొత్తం సరంజామా 4 కిలోల లోపు ఉంటే తేలికపాటి బెలూన్‌గా లెక్కిస్తారు. అయితే వేలాడదీసిన తాడు తెగడానికి 230 న్యూటన్లు లేదా అంతకంటే ఎక్కువ బలం కావాల్సి వస్తే, బరువు తక్కువైనా అది భారీ బెలూన్ల వర్గంలోకి పోతుంది. ‘తేలిక’ అన్న మాటకు అనుమతి అక్కర్లేదని అర్థం కాదు. విమానాలకు ముందస్తు హెచ్చరికగా ఇచ్చే నోటమ్ వెలువడేదాకా సిలిండర్ మూత ముట్టుకోకండి.

రేడియో సంగతి వేరు. 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండు మన దేశంలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేనిది. హామ్ బ్యాండు వాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు, కాల్‌సైన్ (రేడియోలో మీ గుర్తింపు పేరు) తెచ్చుకోవాలి. గాలిలో ఎగిరే ట్రాన్స్‌మిటర్‌కు ఆ లైసెన్సు వర్తిస్తుందా అని లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి. విదేశీ వీడియోల్లో కనిపించే ఉపగ్రహ ట్రాకర్లను తెప్పించుకోకండి. అనుమతి లేకుండా ఉపగ్రహ సమాచార పరికరాలు వాడటం ఇక్కడ చట్టవిరుద్ధం.

అమెరికాలో ఉన్నవారికి పని కాస్త తేలిక. అక్కడి విమానయాన నిబంధనల 101వ భాగం ప్రకారం ఒక్కో పెట్టె 6 పౌండ్లు, అన్నీ కలిపి 12 పౌండ్లు మించకుండా, తాడు 50 పౌండ్ల బలానికి తెగేలా ఉంటే చాలా ఆంక్షలు వర్తించవు. పెట్టె 4 పౌండ్లు దాటితే, ఏ ముఖం మీదైనా చదరపు అంగుళానికి 3 ఔన్సుల కంటే ఎక్కువ బరువు పడకూడదు. గాలిలో సెల్‌ఫోన్ వాడకంపై అక్కడ నిషేధం ఉంది. హామ్ లైసెన్సు ఉంటే 144.390 మెగాహెర్ట్జ్‌లో ఏపీఆర్‌ఎస్ అనే, స్థానాన్ని రేడియోలో పంపే పద్ధతిని వాడుకోవచ్చు; ఇతరులు నడిపే రిసీవర్లు కూడా మీ పెట్టెను వింటాయి.

2. కాలం, చోటు

తెలంగాణ, రాయలసీమ మైదానాలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఆకాశం తేటగా ఉంటుంది, తెల్లవారుజామున నేల దగ్గర గాలి నిలిచి ఉంటుంది, వరి కోతలు అయిన పొలాల్లో పెట్టె సులభంగా కనబడుతుంది. ఆ నెలల్లో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలి సాధారణంగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. కాబట్టి మీ చోటుకు తూర్పున చాలినంత ఖాళీ నేల ఉండాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల నుంచి వదిలితే పెట్టె బంగాళాఖాతంలో పడే అవకాశమే ఎక్కువ.

వర్షాకాలంలో దక్షిణాది మీద 14–16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దాని వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. మబ్బులు, బురద, నిండిన చెరువులు దానికి తోడు. మొదటి ప్రయోగానికి ఆ నెలలు వద్దు.

దిగే ప్రాంతం విషయంలో ఇంకా పట్టుదలగా ఉండండి. హైదరాబాద్ దక్షిణాన వదిలితే నల్లమల అడవి, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు దారిలో ఉంటాయి. పులుల అభయారణ్యంలో దిగిన పెట్టె కోసం మీరు నడిచి వెళ్లలేరు. నల్లగొండ, సూర్యాపేట వైపు చదునైన పొలాలు చాలా మెరుగు. పటం మీద అడవులు, జలాశయాలు, పట్టణాలు, సైనిక ప్రాంతాలను ఎర్రగా గీయండి. అంచనా బిందువు చుట్టూ 20 కిలోమీటర్ల వృత్తం ఎర్రని తాకితే ఆ రోజు వదలకండి.

3. బరువు లెక్క

కొత్తవారు గందరగోళపడే చోటు ఇదే, కాబట్టి నెమ్మదిగా చూడండి. ఒక ఘనమీటరు హీలియం నేల దగ్గర సుమారు ఒక కిలో బరువును ఎత్తుతుంది. బెలూన్ తన బరువును, సరంజామా బరువును మోయాలి. ఆ పైన మిగిలే ఎత్తుడు బలమే దాన్ని పైకి లాగుతుంది. దాన్ని మిగులు బలం అందాం.

- బెలూన్ బరువు: 1.0 కిలో
- సరంజామా: 1.0 కిలో
- సెకనుకు 5 మీటర్ల కోసం మిగులు బలం: సుమారు 1.1 కిలో
- మొత్తం: 3.1 కిలోలు, అంటే దాదాపు 3.2 ఘనమీటర్ల హీలియం

బెలూన్ మెడ దగ్గర కొలిచేది వేరు. అక్కడ బెలూన్ బరువు లెక్కలోకి రాదు. సరంజామా 1.0, మిగులు 1.1 కలిపి 2.1 కిలోలు. ఈ సంఖ్యను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి సిలిండర్‌కు అంటించండి. గ్యాస్ నింపేటప్పుడు చూడాల్సింది ఇదొక్కటే.

47 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ ఒత్తిడిలో సుమారు 7 ఘనమీటర్ల వాయువు ఉంటుంది. ఒకటి సరిపోతుంది, అయినా నిండుగా ఉందని రెగ్యులేటర్ మీద చూశాకే తీసుకోండి. బొమ్మ బెలూన్ల కోసం అమ్మే గ్యాస్‌లో కొన్నిసార్లు గాలి కలిసి ఉంటుంది. స్వచ్ఛత ఎంతో అమ్మేవారిని అడిగి రాయించుకోండి.

ఎక్కువ నింపితే ఇంకా ఎత్తుకు పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వేగంగా ఎక్కి తొందరగా పగులుతుంది. తక్కువ నింపడం దానికంటే ప్రమాదం. బెలూన్ నింపాదిగా ఎక్కుతూ, ఒక్కోసారి పగలకుండా పైనే తేలుతూ, జిల్లాలు దాటి వెళ్లిపోతుంది. సందేహం వస్తే వంద గ్రాములు ఎక్కువ వైపే ఉండండి.

హైడ్రోజన్ చౌక, ఎత్తే శక్తీ కాస్త ఎక్కువ. వాతావరణ శాఖ కేంద్రాల్లో దాన్నే వాడతారు, కానీ అక్కడ శిక్షణ పొందిన సిబ్బంది, తగిన ఏర్పాట్లు ఉంటాయి. స్థిర విద్యుత్తు వల్ల పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, అది భగ్గుమంటుంది. విద్యార్థి బృందాలు హీలియంతోనే చేయాలి.

4. ట్రాకర్: పెట్టెలో అతి ముఖ్యమైన వస్తువు

ట్రాకర్ అంటే జీపీఎస్ నుంచి స్థానం చదివి రేడియోలో కిందికి పంపే చిన్న బోర్డు. దీన్ని కెమెరాకు, ఇతర ప్రయోగాలకు సంబంధం లేకుండా, సొంత బ్యాటరీతో తయారుచేయండి. కెమెరా ఆగిపోయినా ట్రాకర్ ఆగకూడదు.

జీపీఎస్: చాలా జీపీఎస్ చిప్‌లు 18 కిలోమీటర్ల ఎత్తు దాటగానే పనిచేయడం మానేస్తాయి. ఎగుమతి ఆంక్షల నుంచి వచ్చిన పరిమితి ఇది. యూబ్లాక్స్ సంస్థ చిప్‌లు 50 కిలోమీటర్ల దాకా పనిచేస్తాయి, కానీ వాటిని ‘ఎయిర్‌బోర్న్’ మోడ్‌లో పెట్టాలి. మామూలు ‘పోర్టబుల్’ మోడ్‌లో 12 కిలోమీటర్ల దగ్గరే ఆగుతాయి. ఈ ఆదేశాన్ని చిప్ ఆన్ అయిన ప్రతిసారీ పంపాలి. పంపి వదిలేయకుండా, మోడ్ ఏదో తిరిగి చదివి నిర్ధారించుకోండి. చౌక మాడ్యూళ్లలో నకిలీ చిప్‌లు ఉంటాయి. అవి ఆదేశాన్ని పట్టించుకోవు. తిరిగి చదివితేనే ఆ మోసం బయటపడుతుంది.

రేడియో: ఎస్‌ఎక్స్1276 చిప్ ఉన్న 868 మెగాహెర్ట్జ్ లోరా (తక్కువ శక్తితో ఎక్కువ దూరం సందేశాలు పంపే రేడియో పద్ధతి) మాడ్యూల్‌ను 866 దగ్గర నడపండి. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ చాలు. బజారులో విరివిగా దొరికే 433 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ మన పనికి తగదు. ఆ బ్యాండుకు మినహాయింపు భవనాల లోపలి వాడకానికి ఉద్దేశించినది.

యాంటెన్నా: 866 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగదైర్ఘ్యం తీగ దాదాపు 8.2 సెంటీమీటర్లు. దాన్ని పెట్టె అడుగున కిందికి వేలాడేలా పెట్టి, దాని మొదట్లో అంతే పొడవున్న నాలుగు తీగలను పక్కలకు పరచండి. జీపీఎస్ యాంటెన్నా పెట్టె పైభాగంలో ఆకాశం వైపు చూడాలి. కెమెరాకు, జీపీఎస్‌కు మధ్య వీలైనంత ఎడం ఉంచండి. కెమెరా విద్యుత్ రొద వల్ల జీపీఎస్‌కు ఉపగ్రహాలు అందకపోవడం చాలా సాధారణం.

ప్రతి 20–30 సెకన్లకు పంపే సందేశంలో గుర్తింపు పేరు, వరుస సంఖ్య, సమయం, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఉపగ్రహాల సంఖ్య, బ్యాటరీ వోల్టేజి, లోపలి ఉష్ణోగ్రత, చివర చెక్‌సమ్ (సందేశం చెడకుండా అందిందో లేదో తేల్చే అంకె) ఉంటే చాలు. కోడ్‌లో వాచ్‌డాగ్ టైమర్ తప్పనిసరి. ప్రోగ్రామ్ ఎక్కడ ఇరుక్కుపోయినా బోర్డు తనంతట తానే మళ్లీ మొదలవుతుంది.

బ్రెడ్‌బోర్డ్, జంపర్ వైర్లతో పైకి పంపకండి. అన్నీ సోల్డర్ చేయాలి. బెలూన్ పగిలిన క్షణంలో పెట్టె విపరీతంగా ఊగుతుంది, తలకిందులవుతుంది. వదులుగా ఉన్న తీగలు అప్పుడే ఊడతాయి.

రెండో ట్రాకర్‌గా సిమ్‌కార్డు మాడ్యూల్ పెట్టుకోవచ్చు. అది నేల మీద మాత్రమే మేలుకోవాలి: స్థానం ఐదు నిమిషాలు కదలకుండా ఉంటేనే ఆన్ అయ్యేలా కోడ్ రాయండి. పల్లెల్లో నెట్‌వర్క్ ఉంటుందన్న హామీ లేదు కాబట్టి దీన్ని ఏకైక ఆధారం చేసుకోకండి.

సెన్సర్లు కొనేముందు వాటి పరిధి చూడండి. అందరి దగ్గరా ఉండే గాలి ఒత్తిడి సెన్సర్ బీఎంపీ280 కొలవగల కనిష్ఠ ఒత్తిడి 300 హెక్టోపాస్కల్. అంటే 9 కిలోమీటర్ల తర్వాత దాని అంకెలను నమ్మలేం. ఎంఎస్5611 మాత్రం 10 హెక్టోపాస్కల్ దాకా కొలుస్తుంది. ఉష్ణోగ్రత సెన్సర్ డీఎస్18బీ20 మైనస్ 55 డిగ్రీల దాకానే. పెట్టె లోపలికి అది చాలు, బయటికి చాలదు.

5. చలి, బ్యాటరీలు, పెట్టె

ఐరోపా మార్గదర్శకాల్లో బయటి ఉష్ణోగ్రత మైనస్ 55, 60 అని రాసి ఉంటుంది. మన మీద ట్రోపోస్ఫియర్ (వాతావరణంలో అన్నిటికంటే కింది పొర) పైకప్పు ఇంకా ఎత్తున, 16–17 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ మైనస్ 80 దాకా చలి పడుతుంది. వారి లెక్కలను అలాగే ఎత్తి రాసుకుంటే దెబ్బతింటాం.

బ్యాటరీలకు సమాధానం ఒకటే: రీచార్జ్ కాని లిథియం ఏఏ సెల్స్. ఎనర్జైజర్ లిథియం సెల్స్‌కు మైనస్ 40 దాకా పనిచేసే సామర్థ్యం ఉంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ చలికి చేతులెత్తేస్తాయి. ట్రాకర్ సగటున 60 మిల్లీయాంపియర్లు తీసుకుంటే 24 గంటలకు 1440 మిల్లీయాంపియర్ అవర్లు. ప్రయాణం రెండున్నర గంటలే అయినా 24 గంటలకు సరిపడా పెట్టండి. పెట్టె చీకటి పడ్డాక దొరకవచ్చు, మర్నాడు దొరకవచ్చు.

పెట్టెకు 25–30 మిల్లీమీటర్ల మందమున్న థర్మాకోల్ మంచిది. తేలిక, మెత్తన, దేనికి తగిలినా పెద్దగా హాని ఉండదు. మూలలు ఫైబర్ టేపుతో చుట్టండి. నల్లటి ఇన్సులేషన్ టేపు, గ్లూ గన్ జిగురు చలికి పట్టు వదులుతాయి. బరువు మోసే చోట వాటిని నమ్మకండి. దారం పెట్టె చుట్టూ, అడుగు కింద నుంచి తిరిగి రావాలి. పెట్టె పగిలినా ముక్కలు దారానికే వేలాడాలి.

దిగేటప్పుడు చల్లబడిన పెట్టె తేమగాలిలోకి వస్తుంది, లోపల నీటి ఆవిరి పడుతుంది. సిలికా జెల్ సంచులు వేయండి, బోర్డు మీద తేమ పట్టని పూత పూయండి.

పెట్టె మీది చీటీకి పూర్తి శ్రద్ధ పెట్టండి. పొలంలో పడ్డ తీగల పెట్టెను చూసి జనం భయపడటం సహజం. టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) వారి హైదరాబాద్ బెలూన్ కేంద్రం కూడా తన పరికరాలు దిగే జిల్లాల ప్రజలకు పత్రికా ప్రకటనలు ఇస్తుంటుంది. చీటీ తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో, దిగే చోటును బట్టి కన్నడంలో లేదా మరాఠీలో ఉండాలి. నాలుగు ముఖాల మీదా అంటించండి:

- ‘ఇది విద్యార్థుల వాతావరణ ప్రయోగం. ప్రమాదం లేదు. పేలుడు పదార్థాలు లేవు.’
- సంస్థ పేరు, రెండు ఫోన్ నంబర్లు
- ‘దయచేసి తెరవకండి, ఫోన్ చేయండి. మేమే వచ్చి తీసుకుంటాం.’

6. పారాచూట్, దారం

నేలను తాకే వేగం సెకనుకు 5 మీటర్లు మించకూడదు. 1 కిలోకు దాదాపు మీటరు పైచిలుకు వ్యాసమున్న నైలాన్ గుడ్డ పారాచూట్ సరిపోతుంది. ఎర్రది లేదా నారింజ రంగుది తీసుకోండి. పచ్చని చేలో కళ్లకు ఆనుతుంది. గాలి పలుచగా ఉండే 30 కిలోమీటర్ల దగ్గర ఇదే పారాచూట్‌తో పెట్టె సెకనుకు 40 మీటర్ల వేగంతో పడుతుందని గుర్తుంచుకోండి. అది లోపం కాదు, కింది గాలిలోకి వచ్చేకొద్దీ వేగం తగ్గుతుంది.

పై నుంచి వరుస: బెలూన్, 5–10 మీటర్ల దారం, నడినెత్తిన కట్టిన పారాచూట్, మరో 5 మీటర్లు, రాడార్ తరంగాలను తిప్పికొట్టే రేకు, దాని కింద పెట్టె. పారాచూట్ తాళ్ల దగ్గర తేలికపాటి వలయం పెడితే అవి మెలిపడవు. పెట్టె పైన తిరుగుడు కొక్కెం ఒకటి ఉండాలి.

దారం అల్లిన నైలాన్‌ది, 230 న్యూటన్ల లోపు తెగేది. గాలిపటాల మాంజా ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. అది బెలూన్ మెడను కోస్తుంది, తెగి పడితే పక్షుల, బండి మీద వెళ్లేవారి గొంతులు కోస్తుంది.

7. నేల మీద పరీక్షలు

ఇక్కడ తొందరపడితే పైన చెప్పిన ఏదీ అక్కరకు రాదు. కింది నాలుగూ నెగ్గేదాకా తేదీ ఖరారు చేయకండి.

- చలి: బ్యాటరీలతో సహా పూర్తి పెట్టెను డ్రై ఐస్ ఉన్న పెద్ద డబ్బాలో మూడు గంటలు ఉంచండి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు, మనకు కావలసిన చలి సరిగ్గా అదే. గాలి ఆడే చోట, చేతి తొడుగులతో చేయండి, మూత బిగించకండి. డ్రై ఐస్ దొరక్కపోతే డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టవచ్చు, కానీ అది సగం పరీక్షే.
- దూరం: పెట్టెను గుట్ట మీద ఉంచి, 20 కిలోమీటర్ల దూరంలో అడ్డులేని చోట రిసీవర్ పెట్టి సందేశాలు అందుతున్నాయేమో చూడండి.
- కుదుపు: పెట్టెను రెండు మీటర్ల తాడుకు కట్టి గిరగిరా తిప్పండి, మెట్ల మీద నుంచి దొర్లించండి. ట్రాకర్ ఆగకూడదు.
- ఓర్పు: 24 గంటలు ఎండలో, ఆరుబయట ఆన్ చేసి వదిలేయండి. పలచని గాలిలో చల్లబడే దారి లేక రేడియో చిప్ వేడెక్కుతుంది; ఎండలోనే తడబడితే పైన తప్పక తడబడుతుంది.

8. గాలి అంచనా

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ విద్యార్థులు రూపొందించిన దిగుడు అంచనా సాధనాన్ని సాండ్‌హబ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. వదిలే చోటు, సమయం, ఆరోహణ వేగం, పగిలే ఎత్తు, దిగే వేగం ఇస్తే పటం మీద దారి గీసి చూపుతుంది. అమెరికా వాతావరణ సంస్థ వారి గాలి నమూనా దానికి ఆధారం. అది రోజుకు నాలుగుసార్లు కొత్తదవుతుంది.

ఐదు రోజుల ముందు నుంచి చూడటం మొదలుపెట్టండి. అప్పటి బిందువు మీద ఆశ పెట్టుకోకండి, అది కదులుతుంది. రెండు రోజుల ముందు నుంచి బిందువు స్థిరపడాలి. ఆఖరి రాత్రి ఒకసారి, వదిలే ఉదయం ఒకసారి చూడండి.

ఒకే అంచనాతో తృప్తిపడకండి. ఆరోహణ వేగం 4 అయితే? 6 అయితే? బెలూన్ 25 కిలోమీటర్ల దగ్గరే పగిలితే? ఇలా ఐదారు దారులు గీయండి. అన్ని బిందువులూ సురక్షితమైన చోట్ల పడితేనే ముందుకు వెళ్లండి.

సరిచూసుకోవడానికి హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖ వాతావరణ కేంద్రాల రేడియోసాండ్ (బెలూన్‌తో పైకి పంపే కొలత పరికరం) కొలతలు ఉన్నాయి. వ్యోమింగ్ విశ్వవిద్యాలయ పేజీలో వాటి సంఖ్యలు వరుసగా 43128, 43185, 43150. ఉదయం 5:30 కొలతలోని గాలి వేగాన్ని, దిశను మీ నమూనాతో పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే ఆ రోజు వద్దు.

9. గ్యాస్ నింపడం

స్థలం: గోడల మధ్య ఉన్న ఆటస్థలం లేదా పెద్ద షెడ్డు. నేల గాలి సెకనుకు 3 మీటర్లు మించితే ఆగండి. నేల మీద శుభ్రమైన దుప్పటి పరచండి. ఉంగరాలు, గడియారాలు తీసేయండి. చర్మం మీది నూనె లేటెక్స్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి బెలూన్‌ను పల్చటి తొడుగులతోనే పట్టుకోవాలి.

1. నింపే గొట్టం మూతిని బెలూన్ మెడలో దూర్చి గుడ్డ పట్టీతో బిగించండి.
2. మూతికి నీళ్ల సీసా వేలాడదీయండి. సీసా, మూతి, వాటితో పాటు వేలాడే గొట్టం ముక్క కలిపి 2.1 కిలోలు ఉండేలా కాటా మీద తూచి పెట్టుకోండి.
3. వాయువును నెమ్మదిగా వదలండి. వేగంగా వదిలితే మెడ దెబ్బతినవచ్చు.
4. సీసా నేలను వదిలి, ఎక్కకుండా దిగకుండా నిలిచిన చోట ఆపండి.
5. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. గాలి కెరటం వచ్చినప్పుడు తీసుకున్న కొలతకు విలువ లేదు.
6. మెడను మెలిపెట్టి రెండు జిప్ టైలు బిగించండి. మెడను మడిచి, మడతలో ప్రధాన దారం పెట్టి మరో రెండు బిగించండి. పైన టేపు చుట్టండి. జిప్ టై మొనలు బెలూన్ వైపు ఉండకూడదు.

10. వదిలే ఉదయం

ఒక్కొక్కరికి ఒక్కటే పని అప్పగించండి: గ్యాస్, పెట్టె, రేడియో, ఏటీసీ ఫోన్, వెతికే బృందం. చివరి మాట ఒకరిదే. ఆయన ‘వద్దు’ అంటే చర్చ లేదు.

పెట్టె మూసేముందు వరుసగా, గట్టిగా చదువుతూ టిక్కు పెట్టండి:

- జీపీఎస్‌కు కనీసం ఆరు ఉపగ్రహాలు, ఎయిర్‌బోర్న్ మోడ్ నిర్ధారణ
- రెండు వేర్వేరు రిసీవర్లలోనూ సందేశం వస్తోంది
- బ్యాటరీ వోల్టేజి రాసుకున్నాం
- మెమరీ కార్డులో ఫైలు పెరుగుతోంది
- కెమెరా రికార్డు అవుతోంది, లెన్స్ తుడిచాం
- చీటీలు నాలుగు వైపులా ఉన్నాయి
- ఏటీసీ నుంచి ఇప్పటి సమయానికి అంగీకారం వచ్చింది

వెతికే బృందం బెలూన్ వదలడానికి గంట ముందే అంచనా బిందువు వైపు బయలుదేరాలి. వదిలాక బయలుదేరితే పెట్టె వారికంటే ముందు దిగవచ్చు.

వదిలేటప్పుడు దారాన్ని చేతికి చుట్టుకోకండి. బెలూన్‌ను మెల్లగా పైకి పోనిస్తూ పారాచూట్‌ను, తర్వాత రేకును వదలండి. పెట్టె పట్టుకున్నవారు గాలి వాలు వైపు నాలుగడుగులు నడిచి, పెట్టె బెలూన్ కిందికి వచ్చాకే చేతులు తీయాలి.

మొదటి పది నిమిషాల్లో ఆరోహణ వేగం లెక్కించండి. 5కు బదులు 3.5 ఉంటే అంచనాను వెంటనే కొత్త వేగంతో మళ్లీ గీసి, ఏటీసీకి, వెతికే బృందానికి చెప్పండి.

11. వెతకడం

30 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం 600 కిలోమీటర్ల పైన ఉంటుంది; సిగ్నల్ బాగా అందుతుంది. పెట్టె నేలకు చేరేకొద్దీ చెట్లు, గుట్టలు అడ్డుపడతాయి. ఆఖరి సందేశం ఏ ఎత్తు నుంచి వచ్చిందన్నదే ఇక్కడ కీలకం. 300 మీటర్ల ఎత్తు నుంచి వచ్చి ఉంటే, పెట్టె ఇంకో నిమిషంలో దిగి ఉంటుంది. ఆ గాలి దిశలో కొన్ని వందల మీటర్లలోనే ఉంటుంది. 3 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతే వెతకాల్సిన విస్తీర్ణం ఎన్నో రెట్లు. అందుకే వెతికే బృందం పెట్టె దిగే సమయానికి బిందువుకు ఐదారు కిలోమీటర్ల లోపు, ఏదైనా మిట్ట మీద ఉండాలి.

దిశ చూపే యాగీ యాంటెన్నా, ఆఫ్‌లైన్ పటాలు, నీళ్లు, టార్చి, పొడవాటి వెదురు కర్ర, అనుమతి పత్రాల నకళ్లు బండిలో ఉంచండి. కరెంటు తీగల మీద పడితే కర్ర తీయకండి. విద్యుత్ సంస్థ సిబ్బందికి ఫోన్ చేయండి. బావిలో, చెరువులో పడితే ఈత వచ్చినవారు ఉన్నారని దిగకండి.

పొలంలోకి అడుగుపెట్టే ముందు రైతును అడగండి. పంట తొక్కితే పరిహారం ఇవ్వండి. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు ఆ ఉదయమే ఫోన్ చేసి ఉంటే సగం ఇబ్బందులు రావు. ఊరివారు పెట్టె దాచి ఉంచి ఇస్తే, మూత తెరిచి వారి ఊరు పై నుంచి ఎలా కనిపించిందో అక్కడే చూపించండి. పిల్లల ప్రశ్నలకు ఓపికగా జవాబివ్వండి.

12. తరచూ వచ్చే లోపాలు, మరమ్మతులు

ఎత్తు 12 లేదా 18 కిలోమీటర్ల దగ్గర నిలిచిపోయింది: జీపీఎస్ మోడ్ సరిగా లేదు, లేదా చిప్ నకిలీది. పెట్టె కిందికి వచ్చాక స్థానం మళ్లీ రావచ్చు కాబట్టి వెతుకులాట ఆపకండి.

సందేశం పంపిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతోంది: రేడియో ఒక్కసారిగా లాగే విద్యుత్తుకు వోల్టేజి కుంగుతోంది. రేడియో పక్కనే పెద్ద కెపాసిటర్ పెట్టండి, తీగలు మందంగా, పొట్టిగా ఉంచండి.

వీడియోలో దృశ్యం గిర్రున తిరుగుతోంది: పెట్టెను ఒక్క దారానికి వేలాడదీశారు. నాలుగు మూలల నుంచి దారాలు తీసి, వాటి పైన తిరుగుడు కొక్కెం పెట్టండి.

అనుకున్నదానికంటే వేగంగా దిగింది: పగిలిన బెలూన్ ముక్క పారాచూట్ మీద చుట్టుకుంది. బెలూన్‌కు, పారాచూట్‌కు మధ్య దారం పొడవు పెంచండి.

13. దొరికాక

ముందు ట్రాకర్ ఆపి, పెట్టె దిగిందని ఏటీసీకి ఫోన్ చేయండి. మెమరీ కార్డును అక్కడికక్కడే రెండు చోట్లకు కాపీ చేయండి. లేటెక్స్ ముక్కలు, దారం ఒక్క మూర కూడా పొలంలో వదలకండి. పశువులు మేస్తే వాటి ప్రాణానికే ముప్పు.

ఆ రాత్రే అంచనా దారిని, నిజమైన దారిని ఒకే పటం మీద గీయండి. ఆరోహణ వేగం, పగిలిన ఎత్తు, నేలను తాకిన వేగం, కనిష్ఠ లోపలి ఉష్ణోగ్రత, మిగిలిన బ్యాటరీ వోల్టేజి ఒక పట్టికలో రాసి పెట్టండి. తర్వాతి ప్రయోగానికి మెడ దగ్గర ఎంత బరువు పెట్టాలో ఆ పట్టిక చూసి నిర్ణయించండి.